ఒక ఎండ తక్కువ

ముప్పయ్యో పేరు దొరక్క మా మేనత్తను పట్టుకొచ్చి బ్యాచ్‌లో కూర్చోబెట్టాను. అంతకు మించి మంచి ఉద్దేశమేదీ అప్పుడు నాకు లేదు. పెంచిన మనిషికి ఒక పని చూపించానని తర్వాత నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాను గాని, అది అబద్ధం.

పుంగనూరులో బట్టల అంగడి మీద ఒక అద్దె మేడ. అదే మా ట్రైనింగ్ సెంటర్. ధాన్యం నాణ్యత చూడడం నేర్పుతాం. గోతంలోంచి శాంపిల్ ఎలా తీయాలి, తేమ ఎంతుందో ఎలా చూడాలి, మట్టీ రాళ్ళూ ఎంత ఉంటే తీసుకోవచ్చు, బస్తాలు ఎలా పేర్చాలి, ఇవీ పాఠాలు. పదిహేను రోజుల కోర్సు. పరీక్ష పాసైన వాళ్ళలో కొందరిని రాగుల కొనుగోలు కేంద్రంలో సీజన్ పనికి తీసుకుంటారు. ముప్పై మంది ఉంటేనే బ్యాచ్ మొదలుపెట్టనిస్తారు. ఆ నవంబరులో ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. బ్యాచ్ లేకపోతే నాకు జీతం లేదు. అందుకని నిమ్మనపల్లె దగ్గరున్న మా ఊరికి బయల్దేరాను.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. అప్పట్నుంచి మేనత్త యేసమ్మే అమ్మ. ఆడపిల్లను పిలిచినట్టు నన్ను శాంతీ అని పిలిచేది కూడా ఆమే. భర్త తొందరగా పోయాడు, పిల్లలు లేరు. ఎకరన్నర మెట్ట ఉంది, ఏటా రాగులే పెడుతుంది. నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని చాటతో రాగులు చెరుగుతోంది.

"నాకు యాలప్పా ఈ వయసులో సదువు?" అంది చెరగడం ఆపకుండానే.

"వచ్చి కూసుంటే సాలత్తా. పదైదు దినాలు. మద్యాన్నం బువ్వ కూడా పెడతారు."

"సంగటి పెడతారా?"

"అన్నం పెడతారు."

"అయితే నా సంగటి నేనే కట్టకొస్తాలే," అంది. ఒప్పుకున్నట్టే.

కోర్సు మొదలైనప్పట్నుంచీ మదనపల్లెలో మా ఇంట్లోనే ఉంది. నా భార్య తబిత ఆసుపత్రిలో నర్సు. కూతురు బీనా ఒకటో తరగతి. పొద్దున్నే నేనూ అత్తా బస్సెక్కి పుంగనూరు పోయేవాళ్ళం. ఆమె ఒళ్ళో సంగటి గిన్నె, భుజాన బైబిలు సంచి. ఆ సంచిలోనే నోటు పుస్తకం. అక్షరం కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతుంది గాని, చదివింది మాత్రం మరిచిపోదు.

నా మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. తేమ మిషన్ బల్ల మీద పెట్టి చెప్తాను: "ముందు పంట పేరు చూడండి. ఆ తర్వాతే గింజలు పోయండి." ఆ మిషన్ చూడడానికి సంగటి గిన్నెంత ఉంటుంది. వడ్లకు ఒక నంబరు, రాగులకు ఒక నంబరు, మొక్కజొన్నకు ఇంకో నంబరు. వడ్ల నంబరు మీద ఉంచి రాగులు పోశామనుకోండి, అది వడ్లనుకునే చూస్తుంది, ఎక్కువ చూపిస్తుంది. ఈ మాట ప్రతి బ్యాచ్ చేతా మూడుసార్లు గట్టిగా చెప్పిస్తాను, ఎక్కాలు చెప్పించినట్టు. అత్త కూడా అందరితో పాటు మూడుసార్లు చెప్పింది. నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుంది.

నాలుగో రోజు ఒక సరదా జరిగింది. నాలుగు పొట్లాల్లో నాలుగు రకాల తేమ ఉన్న రాగులు పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి మిషన్‌తో చూడమన్నాను. అత్త వంతు వచ్చింది. మిషన్ జోలికి పోలేదు. ఒక్కో పొట్లంలోంచి చిటికెడు తీసి పంటి కింద వేసుకుని కొరికింది, కళ్ళు మూసుకుని విన్నది.

"ఇది ఎండింది. ఇది ఒక ఎండ తక్కువ. ఇది మూడెండలు పడాల. ఇదుండాదే, ఇది పైన ఎండింది గాని లోపల పచ్చి. ఎవరో ఆత్రంగా రోడ్డు మీద పోసి ఎత్తుకున్న్యారు."

క్లాసంతా నవ్వింది. సోమల నుంచి వచ్చే రేవతి అనే డిగ్రీ పిల్ల లేచి, నాలుగు పొట్లాలూ మిషన్లో పోసింది. పన్నెండు శాతం లోపలుంటేనే కొనుగోలుకు తీసుకుంటాం. మొదటిది పదకొండున్నర. రెండోది పదమూడు. మూడోది పదిహేను. నాలుగోది పద్నాలుగు. నవ్వులు ఆగిపోయాయి.

"అవ్వా, నీ నోట్లో బ్యాటరీ యాడ పెట్టినావు?" అంది రేవతి.

"సంగటి తింటే అదే సార్జి అయితాది," అంది అత్త. ఈసారి క్లాసు నవ్వింది వేరే నవ్వు.

పరీక్ష కూడా పాసైంది. పచ్చ టీషర్టు ఇస్తే దాన్ని రవిక మీద తొడుక్కుని, పైన చీర కట్టుకుంది. మెడలో ఫొటో కార్డు. డిసెంబరు మొదట్లో పుంగనూరు మార్కెట్ యార్డులో కొనుగోలు కేంద్రం తెరిచారు. నాణ్యత చూసే పనికి మా బ్యాచ్ నుంచి ఇద్దరిని తీసుకున్నారు, అత్తనూ రేవతినీ. అక్కడి మిషన్లూ పరికరాలూ నా పర్యవేక్షణలో ఉంటాయి. అత్తకు ఒక కుర్చీ, ఒక బల్ల. యాభై ఎనిమిదేళ్ళు మట్టిలో కూర్చున్న మనిషి మొదటి రోజు ఆ కుర్చీ అంచున భయంభయంగా కూర్చుంది. వారం తిరిగేసరికి రైతులు "మేడమ్ యాడ? మేడమ్‌ను పిలవండి" అంటున్నారు.

ఆమె పని చేసే తీరు చూడాలి. ముందు మోచేతి దాకా గోతంలోకి చెయ్యి దూర్చి లోపలి రాగులు తీస్తుంది. కొరుకుతుంది. తర్వాత మిషన్లో పోస్తుంది. రెండూ ఒకే మాట చెప్తే అప్పుడు రాస్తుంది. తడి ఉంటే తిప్పి పంపదు. "ఒక ఎండ తక్కువప్పా. బాడుగ యాల దండగ? ఈడనే పట్ట మింద ఆరబోసుకో, మాపటికి తీసకుంటాం," అంటుంది. మట్టి కలిపిన వాళ్ళను మాత్రం క్షమించదు. "ఇది రాగులా, మీ ఊరి రోడ్డా?" అని మొహం మీదే అడుగుతుంది. అట్లా తిట్లు తిన్నవాళ్ళు ఒకరిద్దరున్నారు.

సాయంత్రం ఇంటికి రాగానే బీనా ఆ ఫొటో కార్డు లాక్కుని మెడలో వేసుకునేది. "నేనిప్పుడు యేసమ్మ మేడమ్," అని తలుపు వెనకాల నిలబడి అందరి బియ్యం కొరికేది. అత్త చేతి మీద గడ్డం ఆనించుకుని చూస్తూ ఉండేది. ఆమె అంత సంతోషంగా ఉండడం నేనంతకు ముందు చూడలేదు.

అప్పుడే నాకు కుప్పం నుంచి పిలుపొచ్చింది. అక్కడ పెద్ద సెంటర్ పెడుతున్నారు, మాస్టర్ ట్రైనర్ కావాలి. ఇది కాంట్రాక్టు కాదు, పర్మనెంటు. రెండు రోజులు వెళ్ళి, వాళ్ళ ముందు క్లాసు చెప్పి చూపించాలి. పరికరం మనమే తెచ్చుకోవాలి. మా సెంటర్ మిషన్ రిపేరుకు బెంగళూరు పోయి ఉంది. మిగిలింది యార్డులో ఉన్నదొక్కటే. దాన్ని బయటికి తీసుకుపోవాలంటే ఆఫీసుకు రాసి అనుమతి తెచ్చుకోవాలి. రాస్తే నేను ఉద్యోగం వెతుక్కుంటున్న సంగతి బయటపడుతుంది. రాయలేదు.

రేవతి ఆ రెండు రోజులూ సెలవులో ఉంది. సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక మిషన్‌ను సంచిలో పెట్టుకుంటుంటే అత్త చూసింది.

"దాన్ని యాడికి తీసకపోతాండావు?"

"కుప్పానికి. రెండు దినాలే. ఎవురికీ సెప్పొద్దు."

"మరి ఈడ తేమ యెట్ల సూసేది?"

"నీ పండ్లే మిషనత్తా."

"పుస్తకంలో నంబరు రాయాల గదా శాంతీ?"

"నీకు తోచిన నంబరు రాయి. నువ్వు చెప్పింది ఎప్పుడన్నా తప్పిందా?"

 నేను చెప్పాను కాబట్టి సరేనంది. నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి, నేను సార్ అయ్యాక నా మాట కాదనడం మానేసింది.

కుప్పంలో క్లాసు అద్భుతంగా చెప్పాను. బడాయి కాదు. అక్కడి రైతు ఒకాయన వడ్లు తెచ్చాడు. నేను మిషన్ తీసి, "ముందు పంట పేరు చూడండి" అని మొదలుపెట్టి, అందరూ చూస్తుండగా వడ్ల నంబరుకు మార్చి, గింజలు పోసి చూపించాను. ఎంపిక చేసే పెద్దాయన, "ఇదయ్యా పాఠం చెప్పడమంటే," అని భుజం తట్టాడు. రెండో రోజు సాయంత్రం బస్సులో తిరిగొస్తూ తబితకు ఫోన్ చేసి, ఇక మనం కుప్పం పోయినట్టే అన్నాను. పక్క సీటులో సంచి. సంచిలో మిషన్. అది వడ్ల మీదే ఉంది.

మర్నాడు పొద్దున పది గంటలకు నేను యార్డు గేటు దాటానో లేదో, వెనకాలే జిల్లా ఆఫీసు జీపు వచ్చింది. నీరజ గారని తనిఖీ అధికారి. చిన్న వయసు, మాట మెత్తన, పని గట్టి. మట్టి కలిపి తిట్లు తిన్న ఆసామి ఒకడు ఫోన్ చేశాడట: యార్డులో ఒక ముసలామె మిషన్ వాడకుండా నోట్లో వేసుకుని చూస్తోంది, తన ఊరి వాళ్ళవి మాత్రం తీసుకుంటోంది, అని.

"యేసమ్మ గారంటే మీరేనా?"

అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది. "నేనేనమ్మా."

నీరజ గారు రిజిస్టర్ తిప్పి, ముందు రోజు తీసుకున్న వాటిలో ఒక పేరు మీద వేలు పెట్టింది. మారప్ప, పద్దెనిమిది బస్తాలు, తేమ పదకొండున్నర. మారప్ప మా ఊరాయనే. కొనుగోలు చీటీ కోసమని ఆ పొద్దు అక్కడే కాచుకుని ఉన్నాడు. హమాలీలు ఆయన బస్తాల్లోకి ఇనుప గొట్టం గుచ్చి శాంపిల్ తీశారు.

"మీరు చూడండి," అంది నీరజ గారు నాతో.

వస్తూనే బల్ల కింద పెట్టిన సంచిలోంచి మిషన్ తీసి బల్ల మీద పెట్టాను. చుట్టూ జనం. నాకు కాస్త గర్వంగా కూడా ఉంది, ఇప్పుడు చూడండి మా అత్త సంగతి అని. గింజలు పోశాను. మీట నొక్కాను.

పద్నాలుగు పాయింట్ ఎనిమిది.

మళ్ళీ పోశాను. పద్నాలుగు పాయింట్ తొమ్మిది.

"మీరు రాసింది పదకొండున్నర," అంది నీరజ గారు అత్త వైపు తిరిగి. "మిషన్‌తో చూశారా?"

"లేదమ్మా. రెండు దినాలుగా మిషన్ ఈడ..." అని ఆగి, నా వైపు చూసింది.

నీరజ గారు కూడా నా వైపే చూసింది. "మిషన్ ఇక్కడ లేదా?"

"ఇక్కడే ఉందండీ," అన్నాను.

అంతే. రెండే మాటలు. అత్త ముఖంలో కోపమేమీ రాలేదు. నోరు మూసుకుంది. నేను చిన్నప్పుడు చర్చిలో ఏదైనా పగలగొట్టి వస్తే, నాకు దెబ్బలు తగలకుండా తాను చేశానని చెప్పేది. అదే ముఖం.

"మారప్ప మీ ఊరేనా?"

"మా ఊరేనమ్మా. అయితే ఏమి? నేను కొరికి సూసినాను. బాగా ఎండినాయి. అబద్దం రాయలేదు." చిటికెడు రాగులు అరచేతిలో పోసుకుని నా ముందుకు చాపింది. "శాంతీ, నువ్వు రవంత కొరికి సూడు నాయనా. సూసి సెప్పు మేడంకు."

ఆ చేతిలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని ఉంటే సరిపోయేది. నాకూ తెలుసు కొరకడం, నేర్పింది ఆమే. కానీ అంతమంది ముందు, ట్రైనర్ల పచ్చ కోటు వేసుకుని, నేను గింజలు కొరకడమా?

"మిషన్ అబద్ధం చెప్పదత్తా," అన్నాను.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అత్త అరచేతి వైపు చూసుకుంది. ఆ రాగుల్ని జాగ్రత్తగా తిరిగి గోతంలోకే పోసింది. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టింది. తాడు జుట్టులో చిక్కుకుంటే రేవతి వచ్చి విడదీసింది.

మారప్ప బస్తాలన్నీ షెడ్డులోంచి తీసి బయట ఆవరణలో పెట్టించారు. ఆ రోజుకు కొనుగోలు ఆపేశారు. "ఎండినాయి మేడం, నేను నాలుగు దినాలు ఆరబెట్టినాను," అని ఆయన రెండు మూడుసార్లు అన్నాడు. తర్వాత ట్రాక్టరు వెతకడానికి వెళ్ళాడు. ఆ పూట ట్రాక్టరు దొరకలేదు. బంగాళాఖాతంలో వాయుగుండమని రెండు రోజులుగా చెప్తూనే ఉన్నారు. నాలుగున్నరకు వాన మొదలైంది. పైన కప్పిన పట్ట పాతది.

నేను ఇంటికి చేరేసరికి అత్త బట్టలు సర్దుకుంటోంది.

"పండ్లు మోసం జేసినాయమ్మా," అంటోంది తబితతో. "వయసైపోయింది. తెలుసుకోలేకపోతిని. మారప్ప రాగులు వానలో నానిపాయ నా వల్ల."

"నీ వల్ల యాల అయితాది పెద్దమ్మా?" అంది తబిత. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఆడనే ఉండావు గదా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఉంటే? మిషన్ చూపించింది నేను మార్చగలనా?" అని అరిచాను. బీనా భయపడి అత్త వెనక్కి పోయింది. పొద్దున్నే మొదటి బస్సుకు అత్త వెళ్ళిపోయింది. పచ్చ టీషర్టు ఉతికి, ఆరేసి, మడతపెట్టి కుర్చీలో పెట్టింది.

ఆ రోజు యార్డులో అత్త కుర్చీలో రేవతి కూర్చుంది. మొదటి రైతు శాంపిల్ వచ్చింది. రేవతి మిషన్ దగ్గరికి లాక్కుంది. గింజలు పోయబోయి ఆగింది. నేర్చుకున్న పిల్ల కదా, ముందు పంట పేరు చూసింది.

"సార్, ఇది వడ్ల మింద ఉండాది."

నేను వంగి రిజిస్టర్ తిప్పసాగాను. 

"నిన్న సాయంత్రం క్లాసు కోసం మార్చుంటాన్లే," అన్నాను. నిన్న క్లాసు లేదు. అది రేవతికి తెలుసు. నన్ను ఒక్క చూపు చూసి, నంబరు మార్చి, పనిలో పడింది. ఆ పిల్ల తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. నా తప్పు నా చేత ఎవరో ఒకరు చెప్పిస్తే బాగుండునని ఎదురుచూసే రకం మనిషిని నేను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక, తనిఖీ తర్వాత బీరువాలో దాచిన మారప్ప శాంపిల్ పొట్లం తీశాను. రాగుల నంబరు పెట్టి పోశాను. పదకొండు పాయింట్ నాలుగు. అత్త రాసింది పదకొండున్నర.

నీరజ గారి ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మిషన్ వడ్ల మీద ఎందుకుందని అడుగుతుంది. ఎక్కడికి తీసుకెళ్ళావంటుంది. నిన్న ఇక్కడే ఉందన్నావే అంటుంది. కుప్పం ఉద్యోగం పోతుంది, ఉన్నదీ పోతుంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మారప్ప శాంపిల్‌ను తీసుకెళ్ళి చిమ్మిన చెత్త గింజల కుప్పలో కలిపేశాను. బయట మారప్ప తడిసిన బస్తాలు ట్రాక్టరులోకి ఎక్కిస్తున్నాడు. నేను వెళ్ళి ఒక చెయ్యి వేశాను. "నీకు యాల సార్ ఈ శ్రమ," అన్నాడాయన. ఆ రాగులు నల్లబడి పశువుల దాణాకే పనికొచ్చాయని తర్వాత తెలిసింది.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు కుప్పం ఆర్డరు వచ్చింది. జనవరిలో కాపురం మార్చాం. క్రిస్మస్‌కు అత్త రాలేదు. జలుబు చేసిందని కబురు పంపింది.

జనవరి చివర మా ఊరి చర్చిలో కోత పండుగ. పంటలో మొదటి భాగం తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. వేలానికి ముందు సంఘపెద్దలు అత్తను పిలుస్తారు. ఆమె ఒక్కో మూటలోంచి చిటికెడు తీసి కొరికి, ఇది విత్తనానికి, ఇది తిండికి అని చెప్తుంది. ఆమె సొంత మూట ఎప్పుడూ విత్తనానికే పోతుంది. చర్చికి రాని మారప్ప కూడా వేలం వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడి, పోటీపడి మరీ దాన్ని పాడుకునేవాడు.

పండుగ ముందు రోజు అత్త ఫోన్ చేసింది. ఊరికి వెళ్ళాక ఆమే చేయడం అదే మొదలు.

"శాంతీ, వచ్చేటప్పుడు మిషన్ తీసకరా నాయనా. నీకు ఇబ్బంది కాకపోతేనే."

తీసుకెళ్ళాను. ఈసారి అనుమతి రాయించుకుని. ఆదివారం పొద్దున తబితా బీనా చర్చి ముంగిట ముగ్గులు చూస్తుంటే, నేను అత్త ఇంట్లోకి వెళ్ళాను. రాగుల మూట తెల్ల గుడ్డలో కట్టి సిద్ధంగా పెట్టింది. నాకు కుర్చీ వేసి తాను నేల మీద కూర్చుంది.

"ఎంతుండాదో సూసి ఒక చీటీ రాసియ్యి. మూటకు గుచ్చుతాను. ఈసారి పెద్దోళ్ళు నన్ను కొరకమని పిలస్తారో లేదో. ఊర్లో అందురికీ తెలిసిపాయ గదా. చీటీ ఉంటే ఎవురన్నా ధైర్యంగా పాడుకుంటారు."

మూట విప్పింది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ చిటికెడు తీసి నోటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. గింజల్ని మళ్ళీ మూటలో వదిలేసింది.

నేను పంట పేరు చూశాను. రాగులు. మళ్ళీ చూశాను. గింజలు పోశాను. పది పాయింట్ తొమ్మిది.

ఇక ఆగలేకపోయాను. కుర్చీలోంచి దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అత్తా, ఆ పొద్దు నువ్వు చెప్పిందే నిజం. మిషన్ తప్పు చూపించింది. నేను కుప్పంలో వడ్లకు మార్చి, తిరిగి మార్చకుండా తెచ్చినాను. పంట పేరు చూడకుండానే పోసినాను. మారప్ప రాగులు బాగానే ఎండినాయి. మర్నాడు నేనే మళ్ళీ చూసినాను, నువ్వు రాసినంతే ఉండాది."

చెప్పేసి, తిడుతుందని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.  అత్త నా తల మీద చెయ్యి వేసింది.

"నువ్వు పంట పేరు సూడకుండా పోస్తావా? మా చేత మూడుసార్లు సెప్పించినోడివి!" చిన్నగా నవ్వింది. "నాకు తెలుసులే నాయనా. మిషన్ ఈడనే ఉండాదని అంటివి గదా ఆ మేడంతో, అది నీ మనసులో ముల్లు మాదిరి ఉండాది. నా పని పోగొడితినని నీకు బాద. అందుకని ఇప్పుడు ఈ మాట కల్పించి సెప్తాండావు."

"కల్పించలేదత్తా! కావాలంటే ఆఫీసుకు రాసిస్తాను. నీరజ మేడంకు ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"ఆ మారప్ప గింజలుండాయా సూపించేదానికి?"

లేవు. నేనే చెత్తలో కలిపాను. ఆ మాట కూడా చెప్పాను. అత్త తల అడ్డంగా ఊపింది. చిన్న పిల్లవాడు ఒక అబద్ధం నిలబెట్టడానికి ఇంకో అబద్ధం చెప్తుంటే చూసినట్టు చూసింది.

"వద్దు నాయనా. నా కోసరం నువ్వు లేని తప్పు నెత్తిన ఏసుకోవద్దు. అబద్ద సాక్ష్యం సెప్పగూడదని సండే స్కూల్లో నీకు నేర్పించింది నేనే గదా? నా పండ్లు పోయినాయి, అంతే. నీకు బిడ్డ ఉండాది, ఇల్లుండాది. నువ్వు పైకొచ్చే దినాల్లో నా పిచ్చి యాల నీకు?"

అవతల చర్చి గంట కొట్టారు. అత్త మూట దగ్గరికి లాక్కుని, నా చేతిలో కాగితం ముక్క పెట్టింది.

"రాయి. రాగులు, పది పాయింట్ తొమ్మిది. కింద నీ సంతకం పెట్టు. కుప్పం సార్ అని కూడా రాయి."

రాశాను. సంతకం పెట్టాను. 

వేలంలో ఆ మూట అన్నిటికన్నా ఎక్కువ పలికింది. పాడుకున్నాయన చీటీ పైకెత్తి నలుగురికీ చూపించాడు. అత్తను కొరకమని ఎవరూ పిలవలేదు. గేటు దగ్గర మారప్ప లేడు. ఆమె మాత్రం నా పక్కకు వచ్చి, నా మోచేయి పట్టుకుని, అందరూ చూడాలన్నంత గర్వంగా నిలబడింది.

"సూసినావా శాంతీ," అంది. "నీ సంతకానికి ఎంత ఇలువుండాదో!"